తాత లేవని కుర్చీ, తాత దిగిన సైకిలు

(బాపట్ల జిల్లా రేపల్లె వైపు ఒక పల్లెలో, రిటైరైన ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరు మొదటి వర్ధంతి నాడు ఆయన మనవరాలు చేసిన ప్రసంగ పాఠం. కుటుంబం కోరిక మీద ఎవరి పేరూ ఇవ్వడం లేదు.)



మైకు ముందు మాట్లాడటం నాకు అలవాటు లేదు. బ్యాంకు కౌంటరు వెనక కూర్చుని పదేళ్లుగా మాట్లాడుతూనే ఉన్నాను గానీ అక్కడ నా ముందు అద్దం ఉంటుంది. ఇక్కడ అద్దం లేదు. అందుకని కాగితం మీద రాసుకొచ్చాను, చూసి చదువుతాను. తాత ఉంటే ఒప్పుకునేవాడు కాదు. "చూసి చదివేది పాఠం కాదమ్మా, ఉత్తరం" అనేవాడు. సరే, ఇది ఉత్తరమే అనుకోండి.

ఇందాక మాట్లాడిన నలుగురిలో ముగ్గురు కుర్చీ సంగతి చెప్పారు. ఈ పల్లెలో ఆ సంగతి తెలియనివాళ్లు లేరు. కుర్రాళ్లు కూడా ఉన్నారు కాబట్టి ఇంకోసారి చెబుతాను, నాకు తాత చెప్పినట్టే.

తాత ఉద్యోగంలో చేరేనాటికి పంచాయతీ సమితులు కొత్తగా వచ్చాయి. 1959 తర్వాత ఎలిమెంటరీ బడులన్నీ సమితి కిందికి వెళ్లాయి. పంతులు బదిలీ సమితి ప్రెసిడెంటు చేతిలో, ప్రెసిడెంటు ఊరి పెద్దల చేతిలో. పెద్దలకి కోపం వస్తే పంతులు పెట్టె సర్దుకోవాల్సిందే. అలాంటి రోజుల్లో తాతని ఇక్కడికి 11 కిలోమీటర్ల దూరంలో ఒక ఊరి బడికి వేశారు. పల్లెలో ఉన్న బడి కాదు, ఊళ్లో ఉన్న బడి. మన మనిషి ఆ ఊళ్లో పంతులుగా అడుగు పెట్టడం అదే మొదలు. అద్దెకి ఇల్లు ఇవ్వలేదు. బడిలో కుండ ఉండేది, అందులో నీళ్లు ముంచుకోవడానికి వీల్లేదు, ఇంటి నుంచి సీసాలో తెచ్చుకునేవాడు. మొదటి నెల 40 మంది పిల్లలున్న బడికి 9 మంది వచ్చారు. ఆ 9 మందీ అక్కడి పల్లె పిల్లలే.

ఒకరోజు ఊరి పెద్ద ఒకాయన బడికొచ్చాడు. ఆయన వస్తే ఎవరైనా లేవాలి. తాత లెక్క చెబుతున్నాడు, కూర్చునే చెబుతున్నాడు. "ఏవోయ్ పంతులూ, కనపడలా?" అన్నాడట ఆయన. తాత, "నమస్కారమండీ. గంట కొట్టాక బయటికొచ్చి మాట్లాడతాను. ఇది గవర్నమెంటు కుర్చీ. నాది కాదు గనక లేవలేను" అన్నాడు. ఆయన వెళ్లిపోయాడు. అప్పుడే బదిలీ కాలేదు గానీ మూడు నెలలు జీతం బిల్లు ఆగింది. నాయనమ్మ పుస్తెలు తాకట్టులోకి వెళ్లాయి. కుర్చీ కథ చెప్పేవాళ్లు పుస్తెల సంగతి చెప్పరు. నాయనమ్మ కూడా ఎప్పుడూ చెప్పలేదు, మా మేనత్త చెప్పింది.

ఈ కథ నిజమే. కానీ తాత గురించి చెప్పడానికి ఇదొక్కటే కథ ఉందన్నట్టు అయిపోయింది. నేనివాళ ఇంకో కథ చెప్పాలని వచ్చాను. చెప్పొద్దని ఇంట్లో ఒకరిద్దరు అన్నారు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

తాత 1938లో పుట్టాడు. ఈ పల్లెలోనే, చర్చి వెనక ఇంట్లో. గుంటూరుకి 1842లో హేయర్ దొర వచ్చిన తర్వాత లూథరన్ మిషన్ బడులు ఈ చుట్టుపక్కల పల్లెల్లోకి వచ్చాయి. మా తాతకి తాత పాలేరు, సంతకం రాదు. తాత వాళ్ల నాన్న మిషన్ బళ్లో మూడో తరగతి దాకా చదివాడు, బైబిలు చదవగలిగేవాడు, ఉత్తరం రాయగలిగేవాడు కాదు. తాత 1956లో ఎస్సెస్సెల్సీ పాసయ్యాడు. మా ఇంట్లో చదువు ఇలా మూడు తరాలు మెట్టు మెట్టుగా ఎక్కింది. ఎవరూ ఎగిరి దూకలేదు.

ఆయనకి రెండు పేర్లు. చర్చి పుస్తకంలో ఒక పేరు, బడి సర్టిఫికెట్లో ఒక పేరు. మీలో చాలామందికి అంతే కదా. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్తుడు కాడు. 1956లో అందులో సిక్కుల్ని చేర్చారు, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని ఇప్పటికీ చేర్చలేదు. చర్చికెళ్లినా మన ఇళ్లు పల్లెలోనే ఉన్నాయి, మన గ్లాసు విడిగానే ఉంది, మన శ్మశానం విడిగానే ఉంది. కులం పోలేదు, కాగితం మాత్రం పోయింది.

నేను ఇంటర్ చదివేటప్పుడు, ఆ వయసులో ఉండే పొగరుతో, "తాతా, ఉద్యోగం కోసం నువ్వు అబద్ధం ఆడినట్టు కాదా?" అని అడిగాను. ఆయనకి కోపం రాలేదు. "ఊరు నన్ను ఏ కులం పేరుతో పిలిచిందో ఆ కులమే మా పంతులు రిజిస్టరులో రాశాడు. ఆది ఆంధ్ర అని. ఊరు పిలవడం మానేస్తే నేనూ రాయడం మానేస్తాను" అన్నాడు. ఆ ఆది ఆంధ్ర అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో కూడా ఆరోజే చెప్పాడు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభలో, పంచములు అన్న మాట మాకొద్దు, ఈ నేలకి మొదటివాళ్లం మేం, ఆది ఆంధ్రులం అని తీర్మానించుకున్నారు. అవతలివాడు పెట్టిన పేరు వదిలి మనం పెట్టుకున్న పేరు రిజిస్టర్లలోకి ఎక్కించారు. తాతకి రిజిస్టరు అంటే అంత భక్తి ఉండటానికి ఇదొక కారణం అనుకుంటాను.

బాబాసాహెబ్ పోయిన వార్త, 1956 డిసెంబరు 6, తాతకి హాస్టల్లో తెలిసింది. 18 ఏళ్లు. అప్పటికి అంబేద్కర్ రాసిన ఒక్క పేజీ కూడా చదవలేదు, ఇంగ్లీషు అంత రాదు. ఆ రాత్రి హాస్టల్లో మన పిల్లలు అన్నం తినలేదని, ఎందుకు తినడం లేదో సగం మందికి తెలియదని, తనకీ సరిగ్గా తెలియదని చెప్పాడు. "ఎవరో మన పెద్దాయన పోయాడని మాత్రం తెలుసు. తర్వాత నలభై ఏళ్లు ఆయనెవరో తెలుసుకుంటూ ఉన్నాను." ఇంట్లో గోడకి యేసుప్రభువు పటం, దాని పక్కనే బాబాసాహెబ్ పటం. పాస్టరుగారు ఒకసారి అది బాలేదు అన్నారు. తాత, "అయ్యగారూ, ఒకరు పైలోకం చూసుకుంటారు, ఒకరు ఇది చూసుకుంటారు" అన్నాడు. పాస్టరుగారు ఇక్కడే కూర్చుని ఉన్నారు, నవ్వుతున్నారు. మీరు కాదులెండి, మీకు ముందున్న పాస్టరుగారు.

ఇప్పుడు రిజిస్టరు సంగతి.

మీ పదో తరగతి సర్టిఫికెట్ తీసి చూసుకోండి. యాభై దాటినవాళ్లలో సగం మంది జులై 1న పుట్టి ఉంటారు. లేదంటే జూన్ 1. బళ్లో వేసేటప్పుడు పుట్టిన తేదీ అడిగితే అమ్మకి తెలియదు, నాన్న పొలంలో ఉంటాడు, పంతులు ఒక తేదీ వేసేస్తాడు. మన పిల్లలకి మరీను. తండ్రి పేరు దగ్గర వెంకయ్య అని రాయాల్సింది వెంకడు అని రాసేవాళ్లు. ఊళ్లో పిలిచే పిలుపే రిజిస్టరులోకి ఎక్కేది. కొడుకు పెద్దవాడై ఆఫీసరైనా ఆ సర్టిఫికెట్లో తండ్రి వెంకడే.

తాత ఈ రెండూ చెయ్యలేదు. తండ్రి పేరు పూర్తిగా రాసేవాడు. పుట్టిన తేదీ కోసం ఇంటికెళ్లేవాడు. సాయంత్రం కూలి నుంచి వచ్చి పొయ్యి రాజేస్తున్న తల్లి పక్కన పీట వేసుకుని కూర్చుని అడిగేవాడు. నాట్లప్పుడా, కోతలప్పుడా? జై ఆంధ్ర గొడవకి ముందా, తర్వాతా? కృష్ణా పుష్కరాలకి చంకలో బిడ్డ ఉందా? ఉప్పెన నాటికి నడుస్తున్నాడా, పాకుతున్నాడా? ఉప్పెన అంటే 1977 నవంబరు 19. ఆ రాత్రి దివిసీమలో వేల మంది పోయారు, ఏటికి ఇటువైపు మనవాళ్లూ పోయారు. ఇక్కడ ఏ తల్లికైనా ఆ రాత్రి తన బిడ్డ ఎంత ఉందో గుర్తుంటుంది. ఎత్తుకుని చెట్టెక్కిందో, చెయ్యి పట్టుకుని పరిగెత్తిందో గుర్తుంటుంది. అక్కడి నుంచి వెనక్కీ ముందుకీ లెక్కేసుకుని, పంచాంగం చూసుకుని ఒక తేదీ తేల్చేవాడు. ఒక్కో బిడ్డకి రెండు మూడు సాయంత్రాలు పట్టేది. కొన్ని తప్పులు వచ్చే ఉంటాయి. కానీ జులై 1 మాత్రం ఎవరికీ వెయ్యలేదు. నిజంగా జులై 1న పుట్టిన ఒక అమ్మాయికి మాత్రం వేశాడట. "ఆ పిల్లకి వేసేటప్పుడు చెయ్యి రాలేదు" అనేవాడు.

ఇదంతా ఎందుకు అని ఒకసారి అడిగాను. "ఊళ్లో పిల్లలకి జాతకం ఉంటుంది. మనోళ్లకి రిజిస్టరే జాతకం" అన్నాడు.

అవార్డు గురించి కూడా ఇందాక ఎవరో అడిగారు, అన్నేళ్లు పనిచేస్తే ఉత్తమ ఉపాధ్యాయుడు అవార్డు రాలేదా అని. రాలేదు. దానికి మనమే దరఖాస్తు పెట్టుకోవాలి, నేను ఇంత ఉత్తముణ్ని అని మనమే ఫైలు కట్టి ఇవ్వాలి. తాతకి అది నవ్వు తెప్పించేది. సెప్టెంబరు 5న బడికి వెళ్లి పిల్లలకి బిళ్లలు పంచేవాడు, మళ్లీ జనవరి 3న కూడా పంచేవాడు. జనవరి 3 ఏమిటని తోటి పంతుళ్లు అడిగితే, 1848లో పూనాలో ఆడపిల్లలకి బడి పెట్టిన సావిత్రిబాయి పుట్టినరోజు అని చెప్పేవాడు. ఇప్పుడు అందరికీ తెలుసు. 1980ల్లో ఈ చుట్టుపక్కల ఆయనొక్కడికే తెలిసి ఉంటుంది.

1985 జులై 17న కారంచేడు జరిగింది. 1991 ఆగస్టు 6న చుండూరు. కారంచేడుకి తాత చీరాల శిబిరానికి ఒకరోజు వెళ్లొచ్చాడు. చుండూరు మాత్రం మనకి పక్కనే. 8 మందిని తరిమి తరిమి చంపి కాలవల్లో పడేశారు. మిగిలిన కుటుంబాలు తెనాలి వచ్చి తలదాచుకున్నాయి. ఊరేగింపులు జరిగాయి, నాయకులు వచ్చారు, బియ్యం వచ్చాయి, బట్టలు వచ్చాయి. తాత ఒక గోనెసంచిలో పలకలు, సుద్దముక్కలు వేసుకుని వెళ్లాడు. ఉన్న క్యాజువల్ లీవులన్నీ వాడేశాడు, అవి అయిపోయాక ఆదివారాలు వెళ్లాడు. "అన్నం పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారమ్మా. ఎక్కాలు చెప్పేవాడు లేడు. పిల్లలకి ఆ నెల పోతే ఆ ఏడు పోతుంది" అన్నాడు. మొదటి రోజు ఒక పిల్లాడు పలక మీద ఏమీ రాయలేదట, రెండో రోజూ రాయలేదట. మూడో రోజు తన పేరు రాసి, దాని కింద వాళ్ల నాన్న పేరు రాశాడట. తాత ఇంతకంటే చెప్పేవాడు కాదు. నేనూ ఇంతకంటే చెప్పను.

2007లో చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. తాత ఆరోజు చర్చిలో కానుక వేశాడు. 2014 ఏప్రిల్లో హైకోర్టు అందర్నీ నిర్దోషులని వదిలేసింది. ఆరోజు పేపరు మడిచి దిండు కింద పెట్టుకుని, ఒక నోటుబుక్కు తీసి చదువుకుంటూ కూర్చున్నాడు. అది తెనాలిలో తను ఎక్కాలు చెప్పిన పిల్లల పేర్ల పుస్తకం. ఒక్కో పేరూ పైకి చదివాడు, హాజరు తీసుకున్నట్టు.

ఇప్పుడు మా మేనత్త గురించి. అత్తా, నువ్వు ఒప్పుకున్నావు కాబట్టే చెబుతున్నాను.

తాత అందర్నీ చదివించాడు అంటున్నారు. నిజమే, ఒక్కర్ని తప్ప. మా నాన్న డిగ్రీ, చిన్నాన్న పాలిటెక్నిక్. అత్త 1979లో పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైంది, బళ్లో అందరికంటే ఎక్కువ మార్కులు. కాలేజీ తెనాలిలో. దారిలో ఊరి కుర్రాళ్లు, బస్సులో మాటలు, ఏదైనా జరిగితే ఎవరు దిక్కు అని భయపడ్డాడు. మరుసటేడు పెళ్లి చేసేశాడు. పల్లెలో ఇంటింటికీ తిరిగి ఆడపిల్లని బడికి పంపండి అని చెప్పిన మనిషి, సొంత కూతురి దగ్గరికి వచ్చేసరికి అందరు తండ్రుల్లాగే చేశాడు. నేను దీన్ని కప్పిపుచ్చను. భయం నిజమైనదే. దాని ఖర్చు మాత్రం అత్త ఒక్కతే కట్టింది.

ఆయన 1996లో రిటైరయ్యాడు. రిటైరైన రెండేళ్లకి ఒకరోజు బస్సెక్కి అత్త వాళ్లింటికి వెళ్లి, అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దరఖాస్తు ముందు పెట్టాడు. అప్పట్లో ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాస్తే డిగ్రీలో చేర్చుకునేవాళ్లు. అత్తకి 35 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. అత్త ఆ కాగితం చూసి, "ఇరవై ఏళ్లు ఆలస్యంగా తెచ్చావు నాన్నా" అంది. తాత, "అవును" అన్నాడు. అంతే, సమర్థించుకోలేదు. ఆదివారాలు స్టడీ సెంటరులో క్లాసులు. అత్తకి తోడుగా తనూ వెళ్లి బయట మెట్ల మీద కూర్చునేవాడు. జీవితంలో చర్చి మానింది ఆ రోజుల్లోనే. అత్త బీఏ పాసైంది. పట్టా కాగితం తెచ్చి చూపిస్తే తాత ముందు చూసింది పుట్టిన తేదీ. తనే వేసిన తేదీ కదా.

ఇక చెప్పొద్దన్న కథ.

నేను హైదరాబాదులో ఇంజినీరింగు చదివాను. కాలేజీ పేరు అక్కర్లేదు. మొదటి వారంలో అడిగేవి మూడు ప్రశ్నలు. ఎంసెట్ ర్యాంకు ఎంత? ఇంటిపేరు ఏంటి? మీది గుంటూరా, గుంటూరులో ఎక్కడ? కులమేంటి అని ఎవరూ అడగరు, అక్కర్లేదు, ఈ మూడింటిలో తేలిపోతుంది. నేను ర్యాంకు అబద్ధం చెప్పాను. ఇంటిపేరు పలికేటప్పుడు సగం మింగేశాను. ఒకమ్మాయి, మీరు ఫలానా వాళ్లే కదా అని ఒక పెద్ద కులం పేరు చెబితే, నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు మీద రెండేళ్లు బతికాను.

రెండో ఏడు ఫిబ్రవరిలో తాత చెప్పకుండా వచ్చాడు. ఆయనకి అప్పటికి డెబ్బై దాటాయి. తెల్ల పంచె, తెల్ల చొక్కా, జేబు మీద బాబాసాహెబ్ బ్యాడ్జీ, చేతిలో అరిసెల డబ్బా. హాస్టలు గేటు దగ్గర నిలబడ్డాడు. నా పక్కన ముగ్గురు ఫ్రెండ్స్. ఎవరే అని అడిగారు. "మా ఊరి మాస్టారు" అన్నాను.

ఆయన విన్నాడు. ఆయన చెవులు చివరిదాకా బాగానే పనిచేశాయి. ఒక్క క్షణం నా వైపు చూసి, డబ్బా నా చేతికిచ్చి, "మీ ఇంట్లోవాళ్లు ఇమ్మన్నారమ్మా. బాగా చదువుకో" అన్నాడు. ఆ ముగ్గురితో, "మీరూ బాగా చదువుకోండమ్మా" అన్నాడు. ఇంటి మనిషి గొంతు కాదు, బడి పంతులు గొంతు. నా అబద్ధానికి తగ్గట్టు మాట్లాడి, వచ్చిన ఆటోలోనే తిరిగి వెళ్లిపోయాడు. రేపల్లె నుంచి రాత్రంతా రైల్లో వచ్చినవాడు నీళ్లు కూడా తాగకుండా వెళ్లాడు. అరిసెలు ఫ్రెండ్స్ తిన్నారు, బాగున్నాయన్నారు. నేను తినలేదు.

ఇంటికొచ్చినప్పుడు ఆ మాట ఎత్తలేదు, ఆయనా, నేనూ. ఆరేడేళ్లు.

2016 జనవరి 17. హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల. మన గుంటూరు పిల్లాడు. ఆ మర్నాడు రాత్రి తాత ఫోను చేశాడు. అప్పటికి నేను బ్యాంకులో చేరాను. "నువ్వు బాగున్నావామ్మా?" అన్నాడు. బాగున్నాను అన్నాను. "నిజంగా బాగున్నావా?" అన్నాడు. ఇక నేను ఆపుకోలేకపోయాను. హాస్టలు గేటు సంగతి మొత్తం ఏడుస్తూ చెప్పాను, ఆయనకి తెలియనట్టు.

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. ఫోను కట్టయిందేమో అనుకున్నాను. అప్పుడు చెప్పాడు సైకిలు సంగతి.

ఆ 11 కిలోమీటర్ల బడికి తాత సైకిలు మీద వెళ్లేవాడు. ఊరి మొదట్లో రచ్చబండ. అక్కడ పొద్దున పెద్దలు కూర్చుని ఉంటారు. మన మనిషి ఆ ముందు నుంచి సైకిలు ఎక్కి పోకూడదు. దిగి, నడిపించుకుంటూ వెళ్లి, ఆ వీధి దాటాక ఎక్కాలి. "నేను దిగాను" అన్నాడు తాత. "ఒకరోజు కాదు. నాలుగేళ్లు దిగాను. వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. కుర్చీలో నుంచి లేవని రోజు కూడా సాయంత్రం అక్కడికి రాగానే దిగాను. బదిలీ అయ్యేదాకా దిగుతూనే ఉన్నాను."

ఎందుకు తాతా అన్నాను.

"కుర్చీ గవర్నమెంటుది, దాని వెనక గవర్నమెంటు ఉందని ధైర్యం. సైకిలు నాది. నా వెనక మీ నాయనమ్మ, ఇద్దరు పిల్లలు తప్ప ఎవరూ లేరు. భయపడ్డాను. కుర్చీ సంగతి అందరికీ చెప్పాను, సైకిలు సంగతి మీ నాయనమ్మకి కూడా చెప్పలేదు. నువ్వు గేటు దగ్గర ఒక్కసారి దిగావు. ఇప్పుడు చెబుతున్నావు. నాకు యాభై ఏళ్లు పట్టింది."

తర్వాత, "పొద్దున్నే డ్యూటీ ఉంది కదా, పడుకో" అని ఫోను పెట్టేశాడు.

దీన్ని చెప్పొద్దని ఎందుకన్నారో నాకు తెలుసు. తాత పరువు తగ్గుతుందని. నాకలా అనిపించడం లేదు. ఇక్కడ కూర్చున్న కుర్రాళ్లలో హైదరాబాదులో, బెంగుళూరులో ఇంటిపేరు సగం మింగేస్తున్నవాళ్లు ఉన్నారు. ఎవరో నేను అడగను. మరుసటి వారం నేను బ్యాంకులో నా బల్ల మీద బాబాసాహెబ్ ఫోటో పెట్టుకున్నాను, చిన్నది, క్యాలెండరు పక్కన. ఒకరిద్దరు మాట్లాడటం తగ్గించారు. ఒకాయన, మా బ్రాంచిలో ఆరేళ్లుగా పనిచేస్తున్నాయన, లంచ్ టైములో వచ్చి మెల్లగా జై భీమ్ అన్నాడు. అప్పటిదాకా మాకు ఒకరికొకరు తెలియదు.

తాతతో చివరి రోజుల సంగతి ఒకటి చెబుతాను, ఇది నవ్వుకోవడానికే. పెన్షనుదార్లు ఏటా బతికున్నట్టు సర్టిఫికెట్ ఇవ్వాలి కదా. ఇప్పుడు వేలిముద్ర యంత్రం మీద. నలభై ఏళ్లకి దగ్గరగా సుద్దముక్క పట్టిన వేళ్లు, పైగా వయసు, గీతలు పడటం లేదు. బొటనవేలు, చూపుడువేలు, ఎడమ చెయ్యి, అన్నీ అయ్యాయి. యంత్రం ఒప్పుకోలేదు. కౌంటరులో కుర్రాడు ఇంకోసారి గట్టిగా నొక్కండి తాతా అంటున్నాడు. తాత, "బాబూ, వేలిముద్ర వద్దు, సంతకం నేర్చుకోండి అని ఈ మండలమంతా తిరిగి చెప్పాను. ఇప్పుడు నన్నే వేలిముద్ర వెయ్యమంటున్నారు, అదీ పడటం లేదు. సంతకం పెడతాను, తీసుకోరాదూ?" అన్నాడు. చివరికి కళ్లు స్కాన్ చేసే యంత్రం ఉన్న చోటికి వెళ్లాల్సి వచ్చింది.

ఇక రెండు విషయాలు చెప్పి ముగిస్తాను.

ఒకటి, విగ్రహం సంగతి. కమిటీ కుర్రాళ్లు తాత విగ్రహం పెడదామని చందా మొదలుపెట్టారు. ప్రేమతోనే, తెలుసు. కానీ మన పల్లె బడి ఎలా ఉందో చూడండి. 2022లో 3, 4, 5 తరగతుల్ని హైస్కూల్లో కలిపినప్పుడు మన పిల్లలు కాలవ దాటి, లారీలు తిరిగే రోడ్డు దాటి వెళ్లాల్సి వచ్చింది. కొందరు వెళ్లారు, కొందర్ని తల్లులు ప్రైవేటు బడికి మార్చి అప్పు చేశారు, ఇద్దరు ఆడపిల్లలు మానేశారు. ఇక్కడ మిగిలిన రెండు తరగతుల్లో పిల్లలు పలచబడ్డారు. పిల్లలు లేరు కాబట్టి బడి ఎందుకని రేపు ఎవరో అంటారు. విగ్రహం డబ్బుతో ఒక ఆటో మాట్లాడండి, పొద్దున సాయంత్రం కాలవ అవతలికి పిల్లల్ని దించి తెచ్చేందుకు. మా కుటుంబం తరఫున మొదటి ఏడాది సగం ఖర్చు మేం పెట్టుకుంటాం. ఆ పిల్లల్ని తిరిగి ఇక్కడికి తెమ్మని అర్జీ రాశాం, అందరూ సంతకాలు పెట్టాలి. కమిటీ దీనికి ఒప్పుకుంటుందో లేదో నాకు తెలియదు. ఒప్పుకోకపోతే వాదిద్దాం.

రెండోది. తాత ఏ బళ్లో పనిచేసినా అడ్మిషన్ రిజిస్టరు చూసి తన పొడుగు నోటుబుక్కులో నకలు రాసుకునేవాడు. పేరు, తల్లి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఆ తేదీ ఎలా తేల్చాడో ఒక ముక్క. అసలు రిజిస్టరులో అప్పట్లో తల్లి పేరుకి గడే లేదు, ఈయన పుస్తకంలో ఉంది. మొత్తం 16 పుస్తకాలు. ఆయన పనిచేసిన రెండు మూడు బళ్లలో అసలు రిజిస్టర్లకి చెద పట్టింది. కుల ధ్రువీకరణకో పెన్షనుకో వయసు చూపించాల్సి వచ్చి తిరుగుతున్నవాళ్లు మనలో ఉన్నారు. ఈ నకలు ఆఫీసులో చెల్లకపోవచ్చు, కానీ ఎక్కడ వెతకాలో చెబుతుంది. నేను నాలుగు పుస్తకాలు ఫోనుతో ఫోటోలు తీశాను, మిగతావి చెయ్యాలి. చేతిరాత చదవగలిగినవాళ్లు ఇద్దరు సాయానికి కావాలి.

పుస్తకాలు అదిగో, ఆ బల్ల మీద ఉన్నాయి. మా అత్త దగ్గర ఉంటుంది. మీ పేరు, మీరు ఏ ఏడు బళ్లో చేరారో చెప్పండి, తీసి చూపిస్తుంది. పేజీ తిప్పేటప్పుడు వేలికి తడి పెట్టకండి, సిరా అలుక్కుపోతుంది. మీ అమ్మ బతికి ఉంటే ఆమెని కూడా తీసుకురండి. మీరు పుట్టిన రోజు గురించి ఆమె తాతకి ఏం చెప్పిందో అక్కడ రాసి ఉంది.

జై భీమ్.